నూట అరవైమూడు చాపలు

మంగళవారం పొద్దున్న ఎనిమిది గంటలకి వంత ఏడుకొండలు పెరటి తలుపు తీస్తాడు. పెరట్లో నూట అరవైమూడుమంది కూర్చుని ఉన్నారు. ఎవరి చాప వాళ్ళే తెచ్చుకున్నారు.

నోట్లో వేపపుల్ల తియ్యకుండానే అతను లెక్కపెడతాడు. వరసకి తొమ్మిదిమంది చొప్పున పద్దెనిమిది వరసలు, వెనకాల ఒంటరిగా ఒక్కడు. లెక్క సరిపోయింది. అతని ఫోనులో ‘వరద కట్టెలు’ అని ఒక గుంపుంది. అతన్ని వదిలేస్తే అందులో ఉన్నదీ సరిగ్గా నూట అరవైమూడుమందే.

నిజానికి ఆ పెరడు అంతమందికి చాలదు. నాలుగు కొబ్బరిచెట్లు, నుయ్యి, గేదెపాక పోను ఇరవైమంది కూర్చుంటే ఎక్కువ. అయినా చాలింది. ఎలా చాలిందని నన్నడిగితే, ఆ గేదెనడగండి అంటాను. అది అయిదో వరస చివర పడుకుని, తనూ కథ వినడానికొచ్చినట్టే నెమరేస్తోంది.

గోదారి లంకల్లో పుట్టినవాళ్ళకి వరద కట్టెలంటే ఏవిటో చెప్పక్కర్లేదు. పుట్టనివాళ్ళకి చెబుతాను. గోదారి ఎర్రబడి పొంగినప్పుడు ఎక్కడో పై అడవుల్లో విరిగిన మానులు నీళ్ళమీద కొట్టుకొస్తాయి. మగాళ్ళు గట్టున నిలబడి, పొడుగాటి గెడకి కొక్కెం కట్టి వాటిని ఒడ్డుకి లాగుతారు. ఎవడికి దొరికింది వాడిది. కానీ మంచి దుంగ దొరికినవాడు దాన్ని ఇంటికి చేర్చేముందు ఊరందరికీ చూపిస్తాడు. చూపించకపోతే దొరికిన సుఖమేముంది?

ఏడుకొండలు చేసేదీ అదే. రోజూ పొద్దున్నే ఫోను తెరిచి, అందులో కొట్టుకొచ్చే వరదలోంచి మూడు కట్టెలు లాగుతాడు. ఒక పాట, ఒక నవ్వులాట, ఒక లోకం కబురు. ‘ఇవాళ వరదలో దొరికినవి’ అని పైన రాసి గుంపులోకి తోసేస్తాడు. మూడేళ్ళ నుంచి ఒక్కరోజు మానలేదు. జొరమొచ్చినా మానలేదు. వియ్యపురాలు పోయిన రోజున కూడా మానలేదు. ఆ రోజు మాత్రం నవ్వులాట కాస్త చిన్నది చూసి పెట్టాడు.

మూడే ఎందుకంటే, అతను బుర్రకథ మనిషి. బుర్రకథకి ముగ్గురుంటారు గదా. నడుమ తంబురా పట్టుకుని కథ పాడేవాడు కథకుడు. ఒక పక్క హాస్యం చెప్పే వంత, ఇంకో పక్క రాజకీయం చెప్పే వంత. ఏడుకొండలు పదకొండేళ్ళు హాస్యం చెప్పాడు. దళం పోయింది, వంతలు వాయించే గుమ్మెట పోయింది, అలవాటు పోలేదు. ఇప్పుడు ముగ్గురి పనీ ఒక్కడే చేస్తున్నాడు, బొటనవేలితో.

అతను మెట్టు దిగి, మొదటి వరసలో ఉన్న బట్టతల పెద్దమనిషిని పలకరిస్తాడు.

“ఏ ఊరు బాబూ తవరిది?”

“శుభోదయం,” అంటాడాయన, చేతిలో గులాబీ పైకెత్తి చూపించి.

“శుభోదయవేలెండి. కాఫీ పుచ్చుకుంటారా?”

“చాలా బాగుంది. ఇలాంటివి ఇంకా పెట్టండి.”

అందరి చేతుల్లోనూ గులాబీ ఉంది. అన్నీ ఒకే గులాబీ. అదే ఎరుపు, అవే మూడు మంచు చుక్కలు. ఎండెక్కుతున్నా చుక్కలు ఆరడంలేదు.

ఇంటికొచ్చినవాళ్ళని ఊరికే కూర్చోబెట్టడం మర్యాద కాదు గనక ఏడుకొండలు ఒక ముక్క వదుల్తాడు. “మా గేదె కూడా గుంపులో చేరతానంటోందండి. వద్దన్నాను. మింగింది మళ్ళీ నవలడం దానికొచ్చు. మీకు రాదు. అది చూస్తే సిగ్గుపడతారు.”

నూట అరవైమూడుమందీ ఒక్కసారి ఎడం పక్కకి ఒరిగి నవ్వుతారు. నవ్వుకి చప్పుడు లేదు. ఒక్కొక్కరి కళ్ళకి చెరో పక్కా ఒక్కో నీటిబొట్టు ఊరి నిలబడుతుంది. నవ్వాగాక కూడా ఆ బొట్లు కారవు, ఇంకవు.

రెండో వరసలో ఒకడు మాత్రం నవ్వు కాగానే ముక్కు ఎగబీలుస్తాడు. ఆ ఎగబీల్పు ఏడుకొండలుకి తెలుసు. వాడు నూకరాజు, దళంలో రాజకీయం చెప్పిన వంత. ఇప్పుడు నాలుగు మైళ్ళ అవతల కొడుకు దగ్గరుంటున్నాడు.

“ఒరే నూకరాజూ! నువ్వెప్పుడొచ్చావురా?”

“నేనెక్కడికీ రాలేదు. మా అరుగుమీదే ఉన్నాను.”

“మరి ఈ కూర్చున్నదెవడు?”

“ఎవడూ కాదు. నా కూర్చోడం ఇది. మనిషక్కడ, కూర్చోడం ఇక్కడ. నమ్మకపోతే ఫోను చేసి అడుక్కో.”

ఏడుకొండలు ఫోను చేస్తాడు. నూకరాజు కోడలు ఎత్తుతుంది.

“మావయ్యగారు అరుగుమీదే ఉన్నారండి బాబాయిగారూ. ఫోను చూసుకుంటున్నారు. నిన్న మధ్యాన్నం నుంచి అలాగే ఉన్నారండి, ఆయ్. అన్నానికి లేవండి మావయ్యగారూ అంటే, అయిపోవచ్చిందమ్మా అంటున్నారు.”

“ఏవిటయిపోవచ్చింది?”

“అది చెప్పట్లేదండి. అడిగితే మళ్ళీ అదే అంటున్నారు.”

ఇంత వింతని బుల్లెమ్మకి చూపించకపోతే ఏడుకొండలుకి ఊపిరాడదు. పెళ్ళాన్ని గుంపులో మొట్టమొదట చేర్చింది అతనే. వసారాలో కూర్చుని అతను పంపిస్తే, వంటింట్లో ఆవిడ ఫోను గణగణమంటుంది. “చూశాలేవయ్యా, చూశా,” అని అక్కణ్ణుంచే అరుస్తుంది. అంతకంటే మెచ్చుకోలు ఆవిడ నోట రాదు, అతనికి అక్కర్లేదు కూడా.

వంటింట్లో బుల్లెమ్మ పొయ్యి ముందు పీటమీద కూర్చుని ఉంది. ఎడంచేతిలో ఫోను, కుడిచేతిలో గరిట. పాలు పొంగి పోగా మిగిలినవి గిన్నెకి మాడి అంటుకున్నాయి. మాడు వాసనకి పిల్లి కూడా ఇల్లొదిలి పోయింది.

“ఏమేవ్, పాలు!”

“అయిపోవచ్చింది,” అంటుంది బుల్లెమ్మ.

అతను గిన్నె దించుతాడు. భుజం పట్టుకుని ఊపుతాడు. భుజం ఊగుతుంది, మనిషి లేవదు. చంకలకింద చేతులేసి లేపబోతే, ఇల్లు ఆవిడకి కట్టేసి ఉన్నట్టు దూలాలు కిర్రుమంటాయి.

ఏడుకొండలు మెల్లగా పెరట్లోకొచ్చి మొదటి వరస ఈసారి మొహాలతో సహా చూస్తాడు. మూడో చాపమీద బుల్లెమ్మ. ఎర్రంచు చాప, పుట్టింటివాళ్ళు కాపరానికి పంపినప్పుడు ఇచ్చింది. ఇందాక లెక్కలో ఆవిణ్ణి కూడా కలిపేశాడు. పేర్లు లెక్కపెట్టే అలవాటున్నవాడికి మొహాలు ఆనవు.

పెళ్ళయి నలభై నాలుగేళ్ళయింది. బుల్లెమ్మ ఒక్కచోట ఇంతసేపు కూర్చోగా అతనెప్పుడూ చూడలేదు.

ఆవిడ చాప అంచున పచ్చగా ఏదో కనబడితే వంగి చూస్తాడు. తుంగచాప మొలకెత్తింది. ఎండిన తుంగ కింద వేళ్ళు తన్ని, అంచుల్లో రెండంగుళాల పిలకలేసింది. అతను తలెత్తి వెనక వరసలు చూస్తాడు. పదో వరసలో మనుషులకి తుంగ నడుందాకా ఉంది. పదిహేడో వరసలో తలలు మాత్రమే ఉన్నాయి. అందరికంటే వెనకాల ఒక్కడనుకున్నది ఉత్త తుంగదుబ్బు. దాని నడుమ గులాబీ ఒకటి పైకి నిలబడి ఉంది. గాలి వీచినప్పుడు దుబ్బు “శుభోదయం” అంటోంది.

“ఇదేవిట్రా నూకరాజూ?” ఏడుకొండలు గొంతులో వెటకారం లేదు. అతని అరవై ఎనిమిదేళ్ళలో అలాంటి గొంతు ఇదే మొదటిసారంటాను నేను.

“మంగళం పాడలేదుగా.”

“ఏం మంగళం?”

“మూడేళ్ళుగా పాటలు వినిపించావు, నవ్వించావు, లోకంలో కబుర్లన్నీ చెప్పావు. ఒక్కరోజన్నా మంగళం పాడావా? మంగళం పాడకుండా జనం ఎలా లేస్తారు? లేవడానికి మాకు సెలవేదీ?”

“ఫోనులో మంగళవేవిట్రా వెర్రోడా!”

“ఫోనులో కథున్నప్పుడు మంగళముండదా? వంటింట్లో వండితే అరగకుండా ఉంటుందా?”

కథకి దేవుళ్ళని కూడా పిలుస్తారు, మంగళం పాడితేనే వాళ్ళూ లేచి పోతారు, పాడకపోతే జనంతోపాటు దేవుడూ కాళ్ళు తిమ్మిరెక్కి కూర్చోవాల్సిందేనని దళంలో అందరికీ మొదటి రోజే చెబుతారు. ఏడుకొండలు అది మర్చిపోలేదు. ఫోనుకి వర్తిస్తుందనుకోలేదు, అంతే.

అతను గొంతు సవరించుకుని మంగళం మొదటి మాట ఎత్తుకుంటాడు. హాస్యగాడి నోరు గదా, ఆ మాట పెదాల దాకా వచ్చి తనంతట తనే వంకరపోతుంది. రాగం మేకపిల్ల అరుపైపోతుంది. నూట అరవైమూడుమంది ఎడం పక్కకి ఒరిగి నవ్వుతారు. బుల్లెమ్మ కూడా ఒరుగుతుంది. ఆవిడ చాప తుంగ జానెడు పెరుగుతుంది.

“అదీ సంగతి,” అంటాడు నూకరాజు. “మంగళం కథకుడు ఎత్తుకోవాలి. వంతలు అందుకోవాలి. వెళ్ళి ఆయన కాళ్ళమీద పడు. నీ పెళ్ళాం నడుం మునక్కముందే వెళ్ళు.”

కథకుడు భీమశంకరంగారితో ఏడుకొండలు మాట్లాడి ముప్పై ఆరేళ్ళయింది.

అతను సైకిలెక్కుతాడు. ఏటిగట్టు మీద దారి పొడుగునా ఇళ్ళే. ఆ ఇళ్ళ పెరళ్ళలో కూడా జనం చాపలమీద కూర్చుని ఉన్నారు. ఒక పెరట్లో నలుగురే, ఇంకో పెరట్లో ఏడువందలకి తక్కువలేరు. ఒకచోట కొబ్బరితోట మొత్తం నిండి, జనం చెట్లమొదళ్ళు ఎక్కి కూర్చున్నారు. పెళ్ళిళ్ళు కాబోలనుకుంటాడు ఏడుకొండలు, ఆషాఢమాసంలో. సైకిలు గంట కొడితే అందరూ చేతులు జోడిస్తారు.

భీమశంకరంగారు అరుగుమీద పడక్కుర్చీలో ఉన్నారు. ఎనభై రెండేళ్ళు. ఏడుకొండల్ని చూసి పెదాలు కదిలిస్తారు. మాట మాత్రం పక్కింటి వంటింట్లోంచి వస్తుంది.

“దారి తెలిసిందట్రా ఏడుకొండలూ?” ముసలి గొంతు కాదది. యుద్ధం పాడుతున్న రోజుల్లోని కంచు గొంతు.

“గురువుగారూ, తవరి గొంతు పక్కింట్లో ఉందేవిటండి?”

“ఒక్క పక్కింట్లోనా?” ఈసారి మాట వీధి చివర మంగలిషాపులోంచి వస్తుంది. “నా పాత కేసెట్టు దొరికిందని మూడేళ్ళ కిందట మొట్టమొదటి కట్టెగా పెట్టింది నువ్వు గాదూ? అప్పట్నుంచి అది ఇల్లు చేరలేదు. మజ్జిగ కావాలంటే పక్కింటావిడ ఫోను తెరిచేదాకా ఆగుతున్నాను.”

“బాగా పాడారు గదా, నలుగురికీ వినిపిద్దామనండి...”

“నలుగురికీ వినిపించావు. నాకే వినపడ్డంలేదు.”

ఏడుకొండలు అరుగు కింద చెప్పులొదిలి, నేలమీద కూర్చుని సంగతి చెప్పుకుంటాడు. బుల్లెమ్మ చాప దగ్గరికొచ్చేసరికి మాట తడబడుతుంది. భీమశంకరంగారు కళ్ళు మూసుకుని వింటారు. ఇద్దరి మధ్యా ఉన్నది ఒకటే తగాదా, అది ఇద్దరికీ కంఠతా వచ్చు.

ముప్పై ఆరేళ్ళ కిందట, మిట్టమధ్యాన్నం ఊరి తీర్థంలో, జాతర జనం ముందు కథ. యుద్ధం మంచి పట్టుమీదుండగా వానొచ్చింది. పందిరి ఒరిగింది. భీమశంకరంగారు మంగళానికి నోరు తెరిచేలోపల ఏడుకొండలు గుమ్మెట నెత్తిన బోర్లించుకుని, ‘కథ కంచికి, మనం ఇంటికి’ అని అరిచాడు. జనం గొల్లుమని నవ్వి లేచిపోయారు. పదకొండేళ్ళలో అంత నవ్వు అతనికి ఎప్పుడూ రాలేదు. మంగళం పాడకుండా జనాన్ని లేపిన వెధవతో ఇక కథ చెప్పనని గురువుగారు తంబురా దించేశారు. దళం ఆ వానలోనే కరిగిపోయింది.

“తప్పేనండి,” అంటాడు ఏడుకొండలు. “కానీ అందరూ ఇళ్ళకెళ్ళారు గదండి. ఎవరికీ ఏమీ కాలేదు గదా.”

“అందరూ వెళ్ళడం నువ్వు చూశావా?”

“నెత్తిమీద గుమ్మెటుందండి. సరిగ్గా కనబళ్ళేదు.”

“నువ్వెళ్ళావా?”

“తడిసి ముద్దయి వెళ్ళానండి.”

“సరే, అలాగే అనుకో,” అంటుంది మంగలిషాపు.

భీమశంకరంగారు లేచి, లోపలికెళ్ళి, గుడ్డ మూట ఒకటి పట్టుకొస్తారు. అందులో ఒక అందె. కథకుడు బొటనవేలికి తొడుక్కునే బోలు కడియం. లోపల గుళ్ళుంటాయి, వేలు కదిపితే ఘల్లుమంటుంది. తంబురా మీటుకి తాళం అదే.

“నేను రాలేను. గొంతు నూరిళ్ళలో పెట్టుకుని ఏ ఇంటికి రాను? ఇది తొడుక్కో. ఇది నీ వేలికున్నంతసేపూ నువ్వు వంతవి కాదు. నువ్వే ఎత్తుకోవాలి. నవ్వావో, పెరట్లో తుంగ కోయించుకుని చాపలమ్ముకో. ఇంకోటి. మంగళం ఎత్తుకున్న గొంతు మళ్ళీ హాస్యానికి పనికిరాదు. పొద్దున్నే మూడు కట్టెలు లాగడం, నలుగురికీ చూపించడం ఉండదు. బాగా ఆలోచించుకో.”

“ఆలోచించేదేముందండి,” అంటాడు ఏడుకొండలు, వెంటనే. ఆ తర్వాత చాలాసేపు ఆలోచిస్తాడు. ఆ మూడు కట్టెలూ లేకపోతే పొద్దున్నే లేచి అతను చెయ్యాల్సిన పనేమీ లేదు. అందె తీసుకుని వేలికి తొడుగుతాడు. సరిగ్గా సరిపోతుంది. అది అతనికి నచ్చదు.

మెట్లు దిగుతుంటే వెనకనుంచి, ఏ ఇంట్లోంచో తెలీని దూరంనుంచి, గొంతు అడుగుతుంది.

“మంగళమయ్యాక ఎవరి చాప వాళ్ళు చుట్టుకుపోతారు. నీ చాపెక్కడుందిరా?”

“నాకు చాపెందుకండి గురువుగారూ? నేను చెప్పేవాణ్ణి గదా.”

“చెప్పేవాడికి ఎవడు చెప్పాడు?”

ఏడుకొండలు ఇల్లు చేరేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. పెరట్లో మనుషుల్లేరు, తుంగే ఉంది. నూట అరవైమూడు గులాబీలు తుంగమీద తేలుతున్నాయి. మొదటి వరసలో మూడోచోట బుల్లెమ్మ తలా, చెయ్యీ మాత్రం కనబడుతున్నాయి. కొప్పులో పిలకొకటి దూరి చెవి పక్కనుంచి బయటికొచ్చింది. అది బాగానే ఉందన్నట్టు ఆవిడ సర్దుకోలేదు.

నూకరాజు కనబడ్డు. “త్వరగా కానియ్యి,” అన్న మాట మాత్రం తుంగలోంచి వస్తుంది. “మోకాళ్ళు ఏవో మర్చిపోతున్నాను.”

ఏడుకొండలు వసారాలో బల్లమీద కూర్చుని, ఫోను నోటిదగ్గర పెట్టుకుని, బొటనవేలు నొక్కిపడతాడు. అందె ఘల్లుమంటుంది. మంగళం ఎత్తుకుంటాడు.

మొదటి మాట తిన్నగా వస్తుంది. రెండోదీ తిన్నగా వస్తుంది. మూడోదాని దగ్గర కడుపులోంచి ఒక హాస్యం లేస్తుంది. పుట్టి బుద్ధెరిగాక అంత మంచి హాస్యం అతనికి తట్టలేదు. నూకరాజూ, మోకాళ్ళూ, గేదే, గులాబీ అన్నీ అందులో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. చెబితే పెరడు కాదు, లంక లంకంతా పడి దొర్లుతుంది. అది గొంతులోకొచ్చి, నాలిక వెనక నిలబడి, తలుపు కొడుతుంది.

అతను బుల్లెమ్మ కొప్పులో పిలక వంక చూస్తాడు. చూస్తూ ఆ హాస్యాన్ని మింగుతాడు. చేపముల్లు దిగినట్టు అది గీరుకుంటూ దిగుతుంది. అది ఏమిటో నన్నడక్కండి. నాకు తెలిస్తే ఈపాటికి మీరిక్కడ కూర్చునుండేవాళ్ళు కాదు.

మంగళం ఆఖరి మాట దాకా పాడి, వేలు ఎత్తుతాడు.

ఫోనులో ఒక గీత పడుతుంది. రెండో గీత పడుతుంది. గీతలు నీలంగా మారతాయి.

నూట అరవైమూడుమంది మోకాళ్ళు ఒక్కసారి విరుస్తారు. ఎండుకట్టెల మోపు విరిచినట్టుంటుంది చప్పుడు. కళ్ళ పక్కన మూడేళ్ళుగా ఆగిన నీటిబొట్లన్నీ ఒక్కసారే రాలి, పెరడు తడుస్తుంది. తుంగ దానంతటదే పడుకుంటుంది. ఎవరి చాప వాళ్ళు చుట్టుకుని, గులాబీ నూతిగట్టు మీద పెట్టి, ఏడుకొండలుకేసి చూడకుండా దొడ్డిదారిన పోతారు. నూకరాజు కూడా చూడడు. ముక్కు ఎగబీల్చి పోతాడు. అందరికంటే వెనకున్న ఒక్కడు చాపతోపాటు తనూ చుట్టుకుపోయి, ఆ చుట్టని తనే చంకలో పెట్టుకుని నడుస్తాడు.

బుల్లెమ్మ లేచి నడుం పట్టుకుంటుంది. చాప చుట్టి, వంటింటి గడప దాటి లోపలికెళుతుంది. క్షణం ఆగి గరిట కిందపడ్డ చప్పుడు.

“ఏవయ్యోయ్! పాలు మాడి బొగ్గైపోతే ముక్కు ఏ సంతలో అమ్ముకున్నావు?”

ఏడుకొండలు కళ్ళు మూసుకుంటాడు. ఏ పాటా చెవికి ఇంత ఇంపుగా వినబడలేదు. ఇది ఎవరికన్నా పంపిద్దామని చెయ్యి ఫోనుమీదికి పోయి, ఆగిపోతుంది.

కాసేపటికి బుల్లెమ్మ కంచం పెట్టి పిలుస్తుంది. “గంజన్నమూ మామిడికాయ పచ్చడీ. అంతకంటే ఏమీ లేదు. లేచి రా.”

వస్తున్నానని అనడానికి ఏడుకొండలు నోరు తెరుస్తాడు.

“అయిపోవచ్చింది,” అంటుంది అతని నోరు.

బుల్లెమ్మ వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. అతని మొహంలోకి చూస్తుంది, అతని కాళ్ళకేసి చూస్తుంది. అతని పంచె అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. పైన ఎండ ఫెళ్ళున కాస్తోంది.

“నీ చాపెక్కడుంది?” అంటుంది.

అతను చెప్పాలనే చూస్తాడు. “అయిపోవచ్చింది,” అనే వస్తుంది.

“చెప్పకులే. పెరడు పెరడూ వెతుక్కుంటాను.” ఆవిడ ఎర్రంచు చాప చంకలో పెట్టుకుని వీధిలోకి నడుస్తుంది. చాలాసేపటిదాకా ఆవిడ మాట అతనికి వినబడుతూనే ఉంటుంది. మొదట పక్కింట్లో, తర్వాత గట్టుమీద, తర్వాత కొబ్బరితోటల్లో. “మా ఆయన్ని చూశారాండీ? పొట్టిగా ఉంటాడు. కుదురుగా ఉండడు.” జవాబుగా చేతులు జోడించిన చప్పుడు మాత్రం వస్తుంది.

ఏడుకొండలు బల్లమీద కదలకుండా ఉంటాడు. వసారా ముందు వాన మొదలవుతుంది, అతనికి మాత్రమే. వానలో పందిరి కనబడుతుంది. ఒరగబోతూ ఆగిపోయిన పందిరి. దాని ముందు తీర్థం జనమంతా రొమ్ముల్లోతు నీళ్ళలో కూర్చుని ఉన్నారు. ఒక్కడూ ఇంటికెళ్ళలేదు. అందరి చేతుల్లోనూ కొక్కెం గెడలున్నాయి. మూడో వరసలో ఒక చాపుంది. ఆ చాపమీది వీపు తనదేనని ఏడుకొండలుకి వీపు చూడగానే తెలుస్తుంది.

పందిరి కింద ముగ్గురు నిలబడి ఉన్నారు. నడుమ భీమశంకరంగారు, నల్లటి మీసంతో. కుడి పక్క నూకరాజు. ఎడం పక్క ముప్పై రెండేళ్ళవాడొకడు గుమ్మెట నెత్తిన బోర్లించుకుని, ‘కంచికి’ అనడానికి నోరు తెరిచాడు. ఆ నోరు మూతపడలేదు. అందులోంచి ఎర్రటి నీళ్ళు ధారకట్టి పడుతున్నాయి, నీళ్ళతో దుంగలు కొట్టుకొస్తున్నాయి. కిరసనాయిలు డబ్బాకి తీగలు కట్టి వాయించే ముసలాయన ఒక దుంగమీద, అద్దంతో పేచీపడ్డ మనిషి ఇంకో దుంగమీద, ఏదో దేశంలో మూడడుగులు పక్కకి జరిగిన ఊరు దాని వెనకాల. అన్నీ ఏడుకొండలు ఫోనులో లాగి గుంపులోకి తోసినవే. జనం గెడలతో లాగుతున్నారు. మూడు దొరికినవాడు చెయ్యెత్తి అందరికీ చూపిస్తున్నాడు.

బుల్లెమ్మ నీళ్ళలోకి దిగుతుంది. చాప నెత్తిన పెట్టుకుని, దుంగల్ని మోచేత్తో పక్కకి తోస్తూ నడుస్తుంది. మూడో వరసలో ఆ వీపు దగ్గర ఆగదు. తిన్నగా పందిరి కిందికెళ్ళి, ఆ ముప్పై రెండేళ్ళవాడి నోటికి అరచెయ్యి అడ్డం పెడుతుంది.

వసారాలో ఏడుకొండలు పెదాలమీద మాడిన పాల వాసన.

నీళ్ళు ఆగుతాయి. వాన ఎక్కడిదక్కడ నిలబడుతుంది. బొటనవేలు కదలకుండానే అందె ఒక్కసారి ఘల్లుమంటుంది. బుల్లెమ్మ వెనక్కి మూడో వరసకొచ్చి, ఆ వీపున్న చాప అంచు రెండుచేతులా పట్టుకుంటుంది. కాళ్ళవైపు నుంచి చుట్టడం మొదలెడుతుంది. మోకాళ్ళు, నడుము, రొమ్ము అన్నీ తుంగలోకి వరసగా చుట్టుకుపోవడం ఏడుకొండలుకి తెలుస్తుంది. నొప్పి లేదు. పాత చీర మడతలో పెట్టినట్టుంది.

“ఈ వయసులో ఇంత బరువేవిటయ్యా నువ్వు,” అంటుంది బుల్లెమ్మ, చుట్టని చంకలో ఇరికించుకుని. ఇంకో చంకలో ఎర్రంచు చాపుంది.

ఆవిడ ఇంటికేసి నడుస్తుంది. చాప గొట్టంలోంచి ఏడుకొండలుకి లోకం గారె చిల్లంత గుండ్రంగా కనబడుతుంది. అందులో గోదారి నిలువుగా నిలబడి ఉంది. దుంగలు దానిమీద ఒక్కొక్కటే, మెట్లెక్కినట్టు, అడవికేసి ఎక్కుతున్నాయి.